గాయం, బాకీ, పూచీ

(స్మారకోపన్యాస పాఠం)



ఏ డాక్టరుగారి స్మృతిలో మనం ఇక్కడ సమావేశమయ్యామో ఆయన పెద్ద శస్త్రవైద్యులుగా పేరు పొందారు. అయినా పుండుకు కట్టు కట్టడాన్ని చిన్న పనిగా ఎన్నడూ చూడలేదు. కట్టు విప్పి కళ్లారా చూడకుండా మందు రాయకూడదన్నది ఆయన దగ్గర పనిచేసిన వారందరూ నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠాన్నే ఆధారం చేసుకుని ఈ సాయంత్రం నేనొక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. అమెరికాలో రోగి ఇంటికే వెళ్లి మానని పుండ్లకు చికిత్స చేసే సేవ ఒకటి పెద్ద ఎత్తున పెరిగింది. దాన్ని రెండు చిక్కులు చుట్టుకున్నాయి. చేసిన పనికి డబ్బు సమయానికి రాకపోవడం ఒకటి. వాడిన వస్తువు వల్ల రోగికి హాని జరిగితే పూచీ ఎవరిదో తేలకపోవడం రెండోది.

ఆ దేశం సంగతి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. అక్కడ ఆ ఇళ్లకు వెళ్లే వైద్యుల్లో, నర్సుల్లో తెలుగువారున్నారు. ఆ చికిత్సలకు కోడ్లు వేసే పని, తిరస్కరణకు గురైన బిల్లుల వెంటపడే పని హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో జరుగుతోంది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న అమ్మాయి ఇ11.621 అని టైపు చేసినప్పుడు, అది టైప్ 2 మధుమేహంతో కాలికి పుండు పడిన ఒక ముసలాయన కథ. ఆమెకు ఆయన కనిపించడు. ఆయనకు ఆమె ఉన్నట్టే తెలియదు. ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరంలోనే నేటి నా అంశం ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెల్లింపు ఆలస్యం, ఉత్పత్తి పూచీ రెండు వేర్వేరు సమస్యలు కావు. నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు మోయాలన్న ఒకే ప్రశ్నకు అవి రెండు రూపాలు. ఇరవయ్యో శతాబ్దపు న్యాయశాస్త్రం ఆ ప్రశ్నకు ఒక గొప్ప జవాబు కనిపెట్టింది. తెలిసినవాడు, మోయగలవాడు మోయాలని చెప్పింది. ఇంటింటి గాయ చికిత్సలో ఆ జవాబు తలకిందులైంది. భారం మెట్టు మెట్టుగా దిగి, అతి తక్కువ తెలిసినవాడి మీదా అతి తక్కువ మోయగలవాడి మీదా వచ్చి ఆగింది. దాన్ని తిరిగి పైకి ఎలా చేర్చాలన్నదే అసలు విచారం.

మానడం గురించి మనకు తెలిసింది

గాయం గురించిన జ్ఞానం కొత్తది కాదు. వ్రణానికి అరవై ఉపక్రమాలను సుశ్రుతుడు వరుసగా చెప్పాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాన్ని శుభ్రపరచే పద్ధతిని లాన్సెట్ పత్రికలో వివరించి శస్త్రవైద్యాన్ని మార్చేశాడు. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద ప్రయోగాలు చేసి, గాయాన్ని ఎండబెట్టడం కన్నా తడి ఆరకుండా కప్పి ఉంచితే పై పొర త్వరగా కమ్ముకుంటుందని నేచర్ పత్రికలో చూపించాడు. నేటి డ్రెస్సింగుల పరిశ్రమకు పునాది ఆ చిన్న వ్యాసమే.

మన దేశానికి దగ్గరి సంబంధం ఉన్న మరో పేరు పాల్ బ్రాండ్. 1946లో వెల్లూరు వచ్చిన ఈ శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల పాదాలను ఏళ్ల తరబడి గమనించాడు. ఆ పుండ్లు మానకపోవడానికి కారణం మాంసంలో ఏదో లోపం కాదని, నొప్పి తెలియని పాదం మీద పదే పదే పడే ఒత్తిడేనని తేల్చాడు. తర్వాత అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి ఆయన తీసుకెళ్లిన ఆ అవగాహనే మధుమేహ రోగుల పాదాలకూ వర్తించింది. ఒత్తిడి తీసెయ్యి, చచ్చిన కండ తొలగించు, రక్తప్రసారం చూడు, చక్కెర అదుపులో పెట్టు, తడి కాపాడు. మానని పుండుకు నేటికీ మొదటి వైద్యం ఇదే. దీనిలో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. ఖరీదైనవి ఈ వైద్యం సరిగా జరిగాక కూడా మానని పుండు కోసం పుట్టాయి.

ఇంటికి వెళ్లే వైద్యం, బయటివాడి డబ్బు

ఇంటికి వెళ్లి సేవ చేయడానికీ చరిత్ర ఉంది. 1893లో లిలియన్ వాల్డ్ న్యూయార్కు పేదవాడల్లో ఇంటింటికీ తిరిగే నర్సుల సేవ మొదలుపెట్టింది. 1909లో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ తన పాలసీదారుల ఇళ్లకు ఆ నర్సులు వెళ్లినందుకు డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. నర్సుకూ రోగికీ మధ్య మూడో మనిషి వచ్చి కూర్చున్నది అప్పుడే. డబ్బిచ్చేవాడు గదిలో లేడు కాబట్టి గదిలో ఏం జరిగిందో రాసి చూపాల్సి వచ్చింది. 1953లో ఆ సంస్థ ఆ కార్యక్రమాన్ని ముగించింది. 1965లో వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమానిచ్చే మెడికేర్ చట్టం వచ్చింది. ప్రైవేటు బీమా వదిలేసిన చోటును ప్రభుత్వం మరెన్నో రెట్లు పెద్దగా నింపింది.

ఇక వస్తువు సంగతి. కాన్పులో బయటపడే ఉమ్మనీటి సంచి పొరను చర్మం అతకడానికి వాడవచ్చని 1910లోనే జాన్ స్టేజ్ డేవిస్ రాశాడు. 1998లో ప్రయోగశాలలో పెంచిన జీవకణాల చర్మానికి కాలి సిరల పుండ్ల కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దానికి ముందు ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి. కానీ దాత కణజాలాన్ని పెద్దగా మార్చకుండా, శరీరంలో అది చేసే పనికే వాడితే, ఆ ఉత్పత్తికి ముందస్తు అనుమతి అవసరం లేదన్నది అక్కడి నియమం. దాతను పరీక్షించాలి, అంటురోగాలు సోకకుండా చూడాలి, నమోదు చేసుకోవాలి. పుండును నిజంగా మాన్పుతుందని ముందుగా రుజువు చేయనక్కరలేదు. ఆ తలుపులోంచి ఎన్నో ఉత్పత్తులు వచ్చాయి.

చెల్లింపు సూత్రం వాటికి రెక్కలు తొడిగింది. మెడికేర్ వీటిని ఖరీదైన మందుల్లాగే చూసి, సగటు అమ్మకపు ధర మీద ఆరు శాతం కలిపి ఇచ్చేది. ధర ఎంత ఎక్కువైతే ఆ ఆరు శాతమూ అంత పెద్దది. పైగా కంపెనీ లోపాయికారీగా ఇచ్చే తగ్గింపు కొన్నవాడి చేతిలోనే మిగిలేది. కొన్ని ఉత్పత్తుల ధర చదరపు సెంటీమీటరుకు 2,000 డాలర్లు దాటింది. 2019లో సుమారు 25.6 కోట్ల డాలర్లున్న మెడికేర్ పద్దు 2024 నాటికి 1,000 కోట్ల డాలర్లు మించింది. ఆ పెరుగుదలలో ఇళ్లకు వెళ్లి వేసిన అతుకులది పెద్ద వాటా.

ఆ రోజుల్లో ఆ లెక్క పుండు దగ్గర ఎలా ఉండేదో చూడండి. ఒక నర్సు మంచం పక్కన కూర్చుని కట్టు విప్పుతుంది. సెలైన్‌తో కడిగి, కాగితపు కొలబద్ద ఆనించి, పొడవు 3, వెడల్పు 2 సెంటీమీటర్లని రాసుకుంటుంది. పుండు విస్తీర్ణం ఆరు. పెట్టెలో ఉన్న పొర నాలుగు బై నాలుగు, అంటే పదహారు. ఆరు వాడుతుంది, పది పారేస్తుంది. పారేసిన దానికీ బిల్లులో ఒక సంకేతం ఉండేది, దానికీ డబ్బొచ్చేది. చదరపు సెంటీమీటరు 2,000 చొప్పున ఆ ఒక్క పొర 32,000 డాలర్లయ్యేది. అందులో ఐదో వంతు, 6,400 డాలర్లు, రోగి వాటా. మరో బీమా లేని ముసలివాడికి అది పుండు కన్నా పెద్ద గాయం.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

మెడికేర్ బిల్లులు తీర్చడానికి చట్టం గడువు పెట్టింది. లోపం లేని క్లెయిముకు 30 రోజుల్లో డబ్బు రావాలి. దాటితే వడ్డీ. వినడానికి బాగుంది. అయితే లోపం లేనిదో కాదో తేల్చేది డబ్బిచ్చే పక్షమే. రికార్డులు పంపమని ఒక్క ఉత్తరం వస్తే ఆ గడియారం ఆగిపోతుంది. మోసం జరిగిందన్న నమ్మదగిన ఆరోపణ ఉంటే చెల్లింపులన్నీ నిలిపివేయవచ్చు. అది సాధారణంగా 180 రోజులు, ఆపైన పొడిగించవచ్చు. తిరస్కరిస్తే ఐదు మెట్ల అప్పీలు ఉంది. మూడో మెట్టులో ఉండే న్యాయాధికారి 90 రోజుల్లో తీర్పు చెప్పాలని నియమం. ఆ మెట్టు దగ్గర నాలుగు లక్షలకు పైగా కేసులు పేరుకుపోతే, 2018లో ఒక ఫెడరల్ కోర్టు ఏడాదికేడాది తగ్గించుకుంటూ రావాలని ఆదేశించాల్సి వచ్చింది.

తనిఖీ తప్పని నేను అనడం లేదు. అరిజోనాలో మరణశయ్య మీద ఉన్న రోగులకు కూడా ఈ పొరలు అంటించి వంద కోట్ల డాలర్లకు మించిన తప్పుడు బిల్లులు పెట్టిన కేసులో నిందితులు నేరం ఒప్పుకున్నారు. అలాంటి చోట తనిఖీ చేయకపోవడమే నేరం. నా బాధ వేరు. దొంగను పట్టడానికి వేసిన వలలో నిజాయతీపరుడూ చిక్కుకుంటాడు. దొంగ డబ్బు అప్పటికే దాటించేసి ఉంటాడు. నిజాయతీపరుడు జీతాలు కట్టాలి.

అతని స్థితి ఇది. పొరలను తయారీదారు అప్పు మీద ఇస్తాడు. అరవై రోజుల్లోనో తొంభై రోజుల్లోనో కట్టాలి. సొంత ఆస్తి హామీగా సంతకం పెట్టిస్తాడు. మెడికేర్ డబ్బు ఆగినా ఆ ఇన్వాయిస్ ఆగదు. పైన చెల్లించాల్సినవాడికి గడువు సడలుతుంది, కింద కట్టాల్సినవాడికి సడలదు. అప్పుడు వైద్యుడి మనసులో ఏం జరుగుతుందో గమనించాలి. ఫ్రిజ్‌లో గడువు తీరబోతున్న సరుకుంది, తలమీద బాకీ ఉంది, ఎదురుగా పుండు ఉంది. ఆ పుండుకు కావలసింది ఒత్తిడి తీసే బూటు మాత్రమే కావచ్చు. కానీ బూటు బాకీ తీర్చదు. అతను చెడ్డవాడు కానక్కరలేదు. బాకీ అతని కంటికి అడ్డం పడుతుంది. అందుకే చెల్లింపు ఆలస్యాన్ని నేను అకౌంటెంట్ల వ్యవహారంగా చూడను. అది చికిత్సా నిర్ణయాన్ని వంచే శక్తి.

2026 జనవరి 1 నుంచి మెడికేర్ ఈ సూత్రాన్ని మార్చింది. చాలా ఉత్పత్తులకు చదరపు సెంటీమీటరుకు సుమారు 127 డాలర్ల ఒకే ధర పెట్టింది. ఇందాకటి పదహారు సెంటీమీటర్ల పొర ఇప్పుడు సుమారు 2,000 డాలర్లు. ఆరు రాష్ట్రాల్లో ఇలాంటి చికిత్సలను ముందుగా పరిశీలించే పద్ధతి కూడా మొదలైంది. పెరిగిన ధరకు మందు పడింది. పాత ధరకు కొని, బిల్లు ఇంకా తీరక, కొత్త ధర కాలంలోకి అడుగుపెట్టిన చిన్న సంస్థల బాకీకి మాత్రం మందు లేదు.

పూచీ ఎక్కడికి జారింది

ఇప్పుడు రెండో రూపం. కాలిఫోర్నియాలో ఒక హోటలు పరిచారిక చేతిలో కోకకోలా సీసా పేలింది. సీసా ఎక్కడ ఎలా బీటవారిందో నిరూపించడం ఆమె వల్ల అవుతుందా? 1944లో ఆ కేసు తీర్పులో జస్టిస్ రోజర్ ట్రేనర్ తన ప్రత్యేక అభిప్రాయంలో, లోపమున్న వస్తువును బజారులోకి పంపినవాడే పూచీ పడాలన్నాడు. 1963లో గ్రీన్‌మన్ కేసులో అదే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పయింది. ప్రమాదాన్ని ముందుగా ఊహించగలవాడు తయారీదారు, నష్టాన్ని ధరలో కలిపి అందరికీ పంచగలవాడూ అతనే అన్నది అందులోని తర్కం. 1965లో అమెరికా న్యాయ సంస్థ ప్రచురించిన సూత్రావళిలో అది 402ఎ సెక్షనుగా చేరి దాదాపు దేశమంతా పాకింది. మెడికేర్ పుట్టింది కూడా ఆ ఏడే. ముసలివాడి వైద్య ఖర్చును సమాజం మోయాలన్న ఆలోచన, వస్తువు చేసిన కీడును తయారీదారు మోయాలన్న ఆలోచన ఒకే కాలపు మనస్సాక్షి నుంచి వచ్చాయి.

గాయ చికిత్సలో ఆ రెండో ఆలోచనకు కన్నాలు పడ్డాయి. రక్తం ఎక్కించడం సేవే గాని అమ్మకం కాదని 1954లో న్యూయార్కు కోర్టు అన్నది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే మాటను చట్టం చేశాయి. అనేక చోట్ల మానవ కణజాలాన్నీ అందులో చేర్చాయి. రక్తదానం ఆగిపోకూడదన్న సదుద్దేశం అది. కానీ చదరపు సెంటీమీటరు వేల డాలర్లకు అమ్ముడైన పొర కూడా ఆ గొడుగు కింద తలదాచుకోగలదు. బిల్లు పెట్టేటప్పుడు అది సరుకు, హాని చేసినప్పుడు సేవ. మరోవైపు, పూర్తి స్థాయి ముందస్తు అనుమతి పొందిన పరికరాల మీద రాష్ట్ర చట్టాల కింద వేసే దావాలకు 2008లో అమెరికా సుప్రీంకోర్టు చాలావరకు తలుపు మూసింది. పెద్ద పరీక్ష దాటిన వస్తువుకు ఆ రక్ష, చిన్న పరీక్షతో వచ్చిన వస్తువుకు ఈ రక్ష. మధ్యలో మిగిలింది మంచం పక్క నిలబడ్డ నర్సు, ఆమెను పంపిన చిన్న సంస్థ.

వస్తువు హాని చేయదా? 2021లో ఒకే దాత ఎముక నుంచి తయారైన, క్షయ సూక్ష్మజీవులున్న ఒక లాట్ వంద మందికి పైగా రోగుల్లోకి చేరింది. ఎవరెవరికి ఆ లాట్ వాడారో ఆసుపత్రి రికార్డుల్లో ఉండబట్టే వారిని వెతికి మందులివ్వగలిగారు. అది ఎముక, ఆసుపత్రి. అదే పొర అయి, నలభై ఇళ్లలో వాడి ఉంటే? ఇక ఇళ్లలో విరివిగా వాడే గాలి పీల్చే పంపు, నెగటివ్ ప్రెషర్ యంత్రం సంగతి. 2007 నుంచి తనకు అందిన నివేదికల్లో 12 మరణాలు, 174 గాయాలు ఉన్నాయని ఎఫ్‌డీఏ 2011లో ప్రకటించింది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రక్తస్రావం. మరణాల్లో ఎక్కువ ఇంట్లోనో వృద్ధుల సంరక్షణాలయాల్లోనో జరిగాయి. ఆ యంత్రం కోసం పుండులో పెట్టి లోపలే మిగిలిపోయిన స్పంజు ముక్కలు చీము పట్టించిన సంఘటనలూ ఉన్నాయి.

తయారీదారు హెచ్చరిక వైద్యుడికి చేరితే చాలు, అతనే రోగికి చెప్తాడన్నది అక్కడి న్యాయసూత్రం. ఆసుపత్రికి అది సరిపోవచ్చు. ఇంట్లో రాత్రి రెండు గంటలకు పంపు డబ్బాలో రక్తం నిండుతుంటే పక్కన ఉండేది భార్యో కూతురో. పంపు ఆపాలా, పుండు మీద గట్టిగా అదమాలా, ఎవరికి ఫోను చెయ్యాలన్నది ఆమెకు తెలియాలి. హెచ్చరిక ఆమె చేతికి అందనంతవరకు అది హెచ్చరిక కాదు. హాని జరిగితే ఎఫ్‌డీఏకు తప్పనిసరిగా తెలపాల్సిన సంస్థల జాబితాలో ఆసుపత్రి ఉంది, వైద్యుడి సొంత కార్యాలయం లేదు. కాబట్టి వైద్యుడి కార్యాలయం తరఫున ఇంట్లో చేసిన చికిత్సలో జరిగిన కీడు లెక్కలోకే రాకుండా పోయే ప్రమాదం ఎక్కువ.

రెండూ కలిసేచోటు

ఈ రెండు చిక్కులూ కలుసుకునేది ఆ నర్సు రాసే ఒక్క కాగితం మీద. కొలత, తేదీ వేసిన ఫొటో, నాలుగు వారాలు మామూలు వైద్యం చేసినా మానలేదన్న రుజువు, రక్తప్రసారం చూశారా, ఒత్తిడి తీశారా, పొర మీది స్టిక్కరు ఒలిచి అంటించిన లాట్ నంబరు, ఎంత వాడారు, ఎంత పారేశారు, స్పంజు ముక్కలు లోపల ఎన్ని పెట్టారు, ఎన్ని బయటికి తీశారు. వీటిలో ప్రతి పంక్తీ రెండు పనులు చేస్తుంది. క్లెయిము తనిఖీకి వస్తే అదే సాక్ష్యం. హాని జరిగితే లోపం వస్తువుదా, చేతిదా అని తేల్చేదీ అదే. అది సరిగా ఉంటే హైదరాబాదులో రాత్రి మూడింటికి ఫోను పట్టుకుని, రాని బిల్లుల వెంటపడే ఏఆర్ కాలర్ దగ్గర వాదించడానికి ఆధారం ఉంటుంది. లేకపోతే ఆమె దగ్గర బతిమాలడం తప్ప మరేమీ ఉండదు.

ఈ బంధం కొత్తది కూడా కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యానికి పనికిరాని సరుకు అంటగట్టి పూర్తి ధర బిల్లు పెట్టిన కాంట్రాక్టర్లను అదుపు చేయడానికి 1863లో తప్పుడు క్లెయిముల చట్టం వచ్చింది. సరుకు లోపం, బిల్లు అబద్ధం ఒకే నేరమని లింకన్ కాలమే గుర్తించింది. నేడు ఆ చట్టం కిందే మూడింతల పరిహారం వసూలవుతోంది.

కాబట్టి చేయవలసినవి స్పష్టం. తయారీదారు ఇచ్చే అప్పు గడువు మెడికేర్ చెల్లింపుతో ముడిపడి, చెల్లింపు ఆగినంత కాలం అదీ ఆగాలి. అయితే క్లెయిము చెల్లితేనే ధర, లేకపోతే లేదు అన్న ఒప్పందం వైద్యుణ్ణి మరింత వాడమని ప్రోత్సహిస్తుంది. ముడి పెట్టాల్సింది గడువుకే, ధరకు కాదు. తగ్గింపు ఎంతైనా బిల్లులో కనపడాలి. వాడని పెట్టెను వెనక్కి తీసుకునే షరతు ఉండాలి. తయారీ లోపానికి తయారీదారే పూచీ అని, లాట్ వెనక్కి పిలిస్తే ఎన్ని గంటల్లో తెలపాలో, దావా ఖర్చు ఎవరిదో మొదటి పెట్టె తెరవకముందే రాసుకోవాలి. దాన్ని తలకిందులు చేసి భారమంతా సేవచేసేవాడి మీద వేసే నిబంధన మీద సంతకం పెట్టకూడదు. వృత్తి బీమా ఇంట్లో చేసే పనికీ కణజాల ఉత్పత్తులకూ వర్తిస్తుందో లేదో చదివి చూసుకోవాలి. ఎక్కువ చెల్లించామని మెడికేర్ నుంచి వసూలు ఉత్తరం వస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకుంటే మొదటి దశలో వసూలు ఆగుతుంది. ఆ గడువును పోగొట్టుకోకూడదు. ప్రభుత్వం వైపున, తనిఖీకి కూడా గడువుండాలి. మచ్చలేని రికార్డున్న సంస్థకు తనిఖీ సాగుతుండగానే కొంత భాగం చెల్లించే మార్గం ఉండాలి.

మన సంగతి చూసుకుంటే, ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. వారి పాదాలు మన బాధ్యత. ఇంటికొచ్చి కట్టు కట్టే సేవలు మన నగరాల్లోనూ పెరుగుతున్నాయి. మనకు చట్టాల కొరత లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. అది 2020 జులై నుంచి అమల్లో ఉంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అని 2006 చట్టం చెబుతోంది. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. అయినా 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద రావలసిన బకాయిల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు మనం చూశాం. ఆలస్యం మోసేది ఆసుపత్రి, ఆ తర్వాత దానికి సరుకు ఇచ్చే చిన్న వ్యాపారి, చివరికి చవక కట్టుతో సరిపెట్టుకునే రోగి. అమెరికాలో జారిన మెట్లే ఇక్కడా ఉన్నాయి. అక్కడ వెయ్యి కోట్ల డాలర్ల ఖర్చుతో తెలిసిన పాఠం మనం ఉచితంగా నేర్చుకోవచ్చు.

కట్టు విప్పి చూడాలని డాక్టరుగారు చెప్పింది వైద్యులకు. ఆ మాటను నేను చెల్లించేవాడికీ, తయారుచేసేవాడికీ కూడా వర్తింపజేస్తున్నాను. తెలిసినవాడు తెలిసినదానికి పూచీ పడాలి. ఇవ్వాల్సినవాడు గడువులో ఇవ్వాలి. చేసినవాడు చేసింది చేసినట్టు రాయాలి. ఈ మూడూ జరిగినచోట వైద్యుడు పుండును పుండుగా మాత్రమే చూడగలుగుతాడు. ఆ స్వేచ్ఛను వైద్యుడికి ఇవ్వలేని వ్యవస్థ ఎన్ని పొరలు కొన్నా, ఎన్ని యంత్రాలు పంపినా గాయాన్ని మాన్పలేదు. ఇవ్వగల వ్యవస్థను కట్టడం చట్టాలు రాసేవారి పని మాత్రమే కాదు. రేపు ఉదయం ఒక ఒప్పందం మీద సంతకం పెట్టబోయే, ఒక రికార్డు రాయబోయే, ఒక బిల్లు పాసు చేయబోయే మనలో ప్రతి ఒక్కరి పనీ అదే.